జేబు పిస్తోలు - ఒక భయం చరిత్ర

1

పనిముట్ల చరిత్ర రాసేవాళ్లు వాటిని ఎవరు కనిపెట్టారో, ఎప్పుడు కనిపెట్టారో రాస్తారు. వాటిని రోజూ ఎవరు తుడిచారు, ఎక్కడ దాచారు, ఎంతసేపు వాటి ముందు కూర్చున్నారు అన్నది రాయరు. నాగలికర్రు సాగగొట్టించుకోవడం, కొడవలికి కక్కు పెట్టించుకోవడం మన పల్లెల్లో శ్రమసంస్కృతిలో భాగాలు. కమ్మరికొలిమి దగ్గర కూర్చున్న రైతు తన పనిముట్టు ఎందుకు అరిగిందో చెప్పగలడు. పని చేసింది కనుక అరిగింది. పనిముట్టును చూసుకోవడమంటే రేపటి పనిని చూసుకోవడం.

ఏ పనీ చెయ్యకుండా పాడయ్యే వస్తువు ఒకటుంది. యజమాని దాన్ని రోజూ మోస్తాడు. వారంవారం తుడుస్తాడు, నూనె పెడతాడు. దానితో పని పడకూడదని కోరుకుంటూనే ఈ సేవంతా చేస్తాడు. అది జేబులోనో నడుం దగ్గరో దాచుకునే చిన్న పిస్తోలు.

గత సంక్రాంతికి మా బడిలో చదువుకున్న ఒక విద్యార్థి అమెరికా నుంచి వచ్చి నన్ను కలిశాడు. టెక్సస్‌లో ఉద్యోగం, సొంత ఇల్లు, రెండేళ్ల కొడుకు. మాటల మధ్యలో తన దగ్గర పిస్తోలుందని చెప్పాడు. నేను ఆశ్చర్యపోతే అతనే నవ్వాడు. "చెప్పులేసుకున్నట్టే సార్, అలవాటైపోయింది" అన్నాడు. పొద్దున బెల్టు పెట్టుకోవడం, బెల్టు లోపలివైపు ఒర, ఒరలో పిస్తోలు, పైన ఒక సైజు పెద్ద చొక్కా. వంగినప్పుడు దాని ఆకారం బయటికి కనిపించకూడదు. ఆదివారం పాత తువ్వాలు పరిచి విప్పి తుడవడం. ఎన్నిసార్లు కాల్చావని అడిగాను. "ప్రాక్టీసుకు తప్ప ఒక్కసారీ లేదు సార్. ఆ అవసరం రాకూడదనే కదా పెట్టుకునేది" అన్నాడు.

ఈ వ్యాసం ఆ జవాబు నుంచి పుట్టింది. 'అది అమెరికావాళ్ల పిచ్చి' అని కొట్టేసేవాళ్లున్నారు. 'అది వాళ్ల రాజ్యాంగం ఇచ్చిన హక్కు' అని తీర్పు చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండూ చరిత్రను తప్పించుకునే మార్గాలే. పిచ్చికి కూడా పుట్టుక ఉంటుంది. హక్కు ఎవరికిచ్చారో, ఎవరికి ఇవ్వలేదో చూస్తే తప్ప అది ఏ హక్కో తెలియదు. నా విద్యార్థి చేసే ఆ ఆదివారం పని వెనక రెండు శతాబ్దాలున్నాయి.

2

19వ శతాబ్దం తొలి సగంలో ఫిలడెల్ఫియా నగరంలో హెన్రీ డెరింజర్ అనే తుపాకుల పనివాడు అరచేతిలో ఇమిడే పిస్తోళ్లు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఒక పిస్తోలుకు ఒకటే గుండు. అందుకే చాలావరకు జతలుగా అమ్ముడయ్యేవి. 1849లో కాలిఫోర్నియా బంగారం కోసం జనం ఎగబడ్డాక వీటికి గిరాకీ విపరీతంగా పెరిగింది. ఒకరి పేరు ఒకరికి తెలియని మనుషులు, ఒకరి సంచిలో బంగారాన్ని ఒకరు కనిపెట్టి చూస్తున్న మనుషులు ఒకేచోట పోగయినప్పుడు ఈ సరుకుకు సంత ఏర్పడింది. అనుకరించినవాళ్లు అతని పేరులో ఒక అక్షరం అదనంగా చేర్చి తమ సరుకు అమ్ముకున్నారు. చివరికి ఒక మనిషి పేరు ఒక వస్తుజాతి పేరయింది.

1865 ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లోని ఫోర్డ్ థియేటర్‌లో అధ్యక్షుడు అబ్రహాం లింకన్ తల వెనక పేలింది డెరింజర్ పిస్తోలే. దాని పొడవు ఆరంగుళాలు లేదు, బరువు పావుకిలో లేదు. అంతకు ఐదు రోజుల ముందే దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. యుద్ధభూమిలో ఓడిపోయిన బానిస యజమానుల పక్షం ఒక కోటుజేబులోంచి తన చివరి మాట చెప్పింది.

ఆ కాలపు చట్టాలు దాచుకున్న ఆయుధాన్ని ఎలా చూశాయో గమనించాలి. ఆయుధం దాచుకుని తిరగడాన్ని 1813లోనే కెంటకీ, లూసియానా రాష్ట్రాలు నేరంగా ప్రకటించాయి. ఆ తరవాత మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. బాహాటంగా పట్టుకునేవాడు మగవాడు, దాచుకునేవాడు హంతకుడు అన్నది దక్షిణాది పెద్దమనుషుల నీతి. బానిసకు ఈ రెండు వరసల్లోనూ చోటు లేదు కనుక ఆ నీతి ఎవరి నీతో వేరే చెప్పనక్కరలేదు. అయినా ఒక సంగతి మిగులుతుంది. దాచిన పిస్తోలు ఆనాడు సిగ్గుపడవలసిన వస్తువు. అది గౌరవంగా మారడానికి మరో నూటయాభై ఏళ్లు పట్టింది.

ఆనాటి నిర్వహణ కూడా తేలికైనది కాదు. నల్లమందు కాలిన తరవాత గొట్టంలో మిగిలే మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక్కసారి పేల్చి అలాగే వదిలేస్తే కొన్నాళ్లకే లోపల తుప్పు పడుతుంది. అందుకే వేడి సబ్బునీళ్లతో కడగాలి, గుడ్డ చుట్టిన పుల్లతో తుడవాలి, ఆరబెట్టి నూనె రాయాలి. పేల్చకపోయినా బెడదే. జేబులో చెమ్మకు మందు మెత్తబడితే అవసరానికి పేలదు. కనుక నిన్న దట్టించిన మందును నమ్మలేని మనిషి దాన్ని ఉత్తగా పేల్చేసి మళ్లీ కొత్తగా దట్టించుకోవాలి. జేబు పిస్తోలు పుట్టిననాటి నుంచే దాని యజమానికి రెండు భయాలు. ఎదుటి మనిషంటే భయం, తన ఆయుధం మోసం చేస్తుందేమోనని భయం. నిర్వహణ అనేది ఈ రెండో భయం పేరు.

3

1899-1900 ప్రాంతంలో ఈ కథ కర్మాగారంలోకి వచ్చింది. అమెరికాలోని యూటా రాష్ట్రంవాడైన జాన్ మోజెస్ బ్రౌనింగ్ రూపొందించిన చిన్న పిస్తోలును బెల్జియంలో, లియేజ్ దగ్గరి హెర్‌స్టాల్‌లో ఉన్న ఎఫ్.ఎన్. కంపెనీ తయారు చేసింది. పేలిన తూటా బలంతోనే పైభాగం వెనక్కి జరిగి, ఖాళీ గుల్లను బయటికి విసిరి, కొత్త తూటాను లోపలికి ఎక్కించుకుంటుంది. 1903లో అతని నమూనాతోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో కోల్ట్ కంపెనీ 'పాకెట్' మోడల్ తెచ్చింది. తూటాను కొట్టే సుత్తిభాగాన్ని లోపలే దాచేశారు. జేబులోంచి తీస్తుంటే గుడ్డకు తగులుకోకూడదని ఆ ఏర్పాటు. యంత్రం ఆకారాన్ని జేబు నిర్ణయించింది. 1945 దాకా ఒక్క .32 సైజులోనే అవి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి.

అదే 1903లో ఫ్రాంక్ హాపీ అనే ఆయన తుపాకిగొట్టం కడిగే ద్రావకం ఒకటి అమ్మకానికి పెట్టాడు. 'హాపీస్ నంబర్ 9' పేరుతో అది నేటికీ అమెరికన్ ఇళ్లలో ఉంది. దాని వాసన చూస్తే తండ్రో తాతో గుర్తొస్తాడని చెప్పుకునేవాళ్లున్నారు. పిస్తోలుతో పాటే దాన్ని శుభ్రం చేసే సరుకూ ఒకేసారి బజారుకు రావడం కాకతాళీయమే కావచ్చు. కాని అవసరం మాత్రం కాకతాళీయం కాదు. పొగలేని మందు వచ్చాక మసి తగ్గిందేగాని తుప్పు తగ్గలేదు. తూటా అడుగున ఉండే రంజకంలో వాడిన రసాయనం కాలాక ఒక రకమైన ఉప్పు మిగిల్చేది. ఆ ఉప్పు తేమను లాక్కుని గొట్టాన్ని తినేసేది. ఉప్పు నీళ్లకు కరుగుతుందిగాని నూనెకు కరగదు. కనుక నూనె ఒక్కటే పూసి నిశ్చింతగా ఉన్నవాడి తుపాకి లోపల్లోపల పాడయ్యేది. 1920ల చివర తుప్పు పట్టించని రంజకం వచ్చాకగాని ఈ బాధ తగ్గలేదు. కాని అప్పటికి అలవాటు స్థిరపడింది. కారణం పోయాక కూడా ఆచారం మిగలడం మన పండితులకు కొత్త విషయం కాదు.

ఈ పిస్తోలును ఎవరికి అమ్మారు? ఇంటి యజమానికి, దుకాణదారుకు, రాత్రిపూట డబ్బు లెక్కపెట్టుకునేవాడికి. ఐవర్ జాన్సన్ అనే రివాల్వర్ల కంపెనీ ఆ రోజుల్లో వేసిన ఒక ప్రకటన చాలా ప్రసిద్ధం. రాత్రిదుస్తుల్లో ఒక చిన్నపాప మంచం మీద రివాల్వర్‌తో ఆడుకుంటూ ఉంటుంది. ఇది తనకేమీ హాని చెయ్యదని నాన్న చెప్పాడంటుంది. తుపాకిని ఇంటిసామానుగా మార్చడానికి పసిపిల్లను వాడుకున్న ఆ బొమ్మను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

కాని సరుకు ఒకసారి కర్మాగారం గడప దాటాక ఎవరి చేతికి పోతుందో కంపెనీ నిర్ణయించలేదు. 1857 అనుభవం మరవని బ్రిటిష్ ప్రభుత్వం లిట్టన్ హయాంలో 1878లో ఆయుధాల చట్టం తెచ్చి భారతీయులను నిరాయుధులను చేసింది. యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చింది. రాజులకూ, ప్రభువు మెచ్చిన పెద్దలకూ సడలింపులు ఇచ్చింది. అలాంటి దేశంలో జేబులో దాగే పిస్తోలుకు వేరే అర్థం వచ్చింది. 1911 జూన్ 17న మద్రాసు రాష్ట్రంలోని మణియాచ్చి రైల్వేస్టేషన్లో వాంచినాథన్ కలెక్టర్ ఆష్‌ను కాల్చింది బెల్జియంలో తయారైన బ్రౌనింగ్ పిస్తోలుతో. మూడేళ్ల తరవాత, 1914 జూన్ 28న సరయేవోలో ప్రిన్సిప్ చేతిలో ఉన్నదీ ఆ ఎఫ్.ఎన్. కంపెనీదే. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చివరి తూటా దాకా పోరాడింది కోల్ట్ 1903 మోడల్‌తో. ఇప్పుడది అలహాబాదు మ్యూజియంలో అద్దాల వెనక ఉంది.

హార్ట్‌ఫర్డ్‌లో ఒక దుకాణదారు గల్లాపెట్టె కోసం చేసిన వస్తువు అలహాబాదులో సామ్రాజ్యానికి ఎదురు నిలబడింది. అదే మోడల్‌ను అమెరికా సైన్యం తన జనరళ్ల నడుముకూ కట్టింది. వస్తువు ఒకటే. దాన్ని పట్టుకున్న చెయ్యి ఏ సంబంధాల్లో ఉందన్నదే దాని అర్థం. ఇది ఒకవైపే పనిచేసే సూత్రం కూడా కాదు. 1948 జనవరి 30న గాంధీని చంపింది బెరెట్టా 1934 మోడల్. అదీ దుస్తుల్లో దాగే చిన్న పిస్తోలే. కనుక తుపాకి దానంతటది విప్లవమూ కాదు, అభివృద్ధి నిరోధమూ కాదు.

ఇక్కడ మన సాహిత్యం గురించి ఒక మాట చెప్పుకోవాలి. మన కవిత్వంలో తుపాకి ఎప్పుడూ పేలుతూనే ఉంటుంది. దాన్ని తుడిచిన చెయ్యి, తడవకుండా దాచిన గుడ్డపేలిక, లెక్కపెట్టుకున్న తూటాలు కనబడవు. ప్రతీకకు తుప్పు పట్టదు, వస్తువుకు పడుతుంది. ప్రతీకల్లో మునిగి వస్తువును మరచిపోవడం భౌతికవాదులం అని చెప్పుకునే మనకు తగదు.

4

మళ్లీ అమెరికాకు వద్దాం. ఆయుధం ఉంచుకోవడం పౌరుడి హక్కు అని ఆ దేశం చెప్పుకుంటుంది. ఎవరు పౌరుడు? 1865లో బానిసత్వం పోగానే మిసిసిపీ రాష్ట్రం చేసిన నల్లచట్టాల్లో, విముక్తుడైన నల్లమనిషి అనుమతి లేకుండా తుపాకి ఉంచుకోరాదని రాశారు. 1911లో న్యూయార్క్ రాష్ట్రం దాచుకోదగిన ఆయుధాలకు లైసెన్సు పెడుతూ సల్లివాన్ చట్టం చేసింది. దాని వెనక ఇటలీ నుంచి వచ్చిన వలసకూలీల మీద అనుమానం ఉందని చరిత్రకారులు రాశారు.

1956 జనవరి 30న అలబామాలోని మాంట్‌గొమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. భార్య, పసిబిడ్డ ఆ సమయంలో ఇంట్లోనే ఉన్నారు. ఆ తరవాత ఆయన పిస్తోలు వెంట ఉంచుకోవడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు పెట్టుకున్నాడు. స్థానిక అధికారులు ఇవ్వలేదు. ఆత్మరక్షణ అనే మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఏముంటుంది? హక్కు కాగితం మీద ఉంది, నిర్ణయం పోలీసుల చేతిలో ఉంది. తరవాత ఆయన తుపాకిని పూర్తిగా వదిలి అహింసామార్గాన్నే బలపరచుకున్నాడు. అది వేరే కథ.

1967 మే 2న బ్లాక్ పాంథర్ పార్టీ సభ్యులు తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభ భవనంలోకి నడిచి వెళ్లారు. బహిరంగంగా ఆయుధం పట్టుకోవడం అప్పటికి అక్కడ నేరం కాదు. ఆ ఏడాదే, గుండ్లు నింపిన తుపాకిని బహిరంగంగా మోయడాన్ని నిషేధిస్తూ మల్‌ఫర్డ్ చట్టం వచ్చింది. దాని మీద సంతకం పెట్టిన గవర్నరు రొనాల్డ్ రీగన్. తరవాత దేశాధ్యక్షుడై తుపాకి హక్కుల పక్షాన మాట్లాడిందీ ఆయనే.

1968 కేంద్రచట్టం మరో మెట్టు. చిన్నసైజు, చవక పిస్తోళ్ల దిగుమతిని అది కట్టడి చేసింది. అలాంటి పిస్తోలుకు 'శనివారం రాత్రి సరుకు' అని హేళనగా పేరు పెట్టారు. ఆ పేరు వినగానే అమెరికన్ పాఠకుడికి గుర్తొచ్చేది పేదల వాడ, నల్లవాళ్ల వాడ. దిగుమతి ఆగగానే కాలిఫోర్నియాలో దేశీయ కంపెనీలు అలాంటి పిస్తోళ్లనే పోతపోసి అమ్మాయి. లాభం దేశభక్తి ముసుగులో చేతులు మారింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. పేదవాడి జేబులో ఉంటే ఆ పిస్తోలు నేరం, ఉన్నవాడి జేబులో ఉంటే ఆత్మరక్షణ. అంగుళాల్లో తేడా లేదు, ధరలో ఉంది.

2016 జూలై 6న మిన్నెసోటా రాష్ట్రంలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి యువకుడి కారును పోలీసు ఆపాడు. కాస్టీల్ ఒక బడి వంటశాలలో పనిచేసేవాడు. లైసెన్సు ఉన్నవాడు. తన దగ్గర తుపాకి ఉందని మర్యాదగా ముందే చెప్పాడు. కొద్ది క్షణాల్లో పోలీసు కాల్చి చంపాడు. మరుసటి ఏడాది జూరీ ఆ పోలీసును నిర్దోషిగా వదిలేసింది. కాస్టీల్ పిస్తోలు అతన్ని రక్షించలేదు. అది ఉందన్న మాటే అతని ప్రాణం తీసింది.

5

1987లో ఫ్లోరిడా రాష్ట్రం దాచుకుని తిరిగే లైసెన్సును అర్హత ఉన్న ప్రతివాడికీ ఇచ్చితీరాలని చట్టం చేసింది. అదే పద్ధతి రాష్ట్రం తరవాత రాష్ట్రానికి పాకింది. నేడు సగానికి పైగా రాష్ట్రాల్లో ఆ లైసెన్సు కూడా అక్కరలేదు. 2022 జూన్ 23న సుప్రీంకోర్టు, పిస్తోలు మోయడానికి ప్రత్యేక కారణం చూపాలన్న న్యూయార్క్ షరతును కొట్టివేసింది. కారణం చెప్పనక్కరలేని స్థితికి భయం చేరుకుంది.

ఈలోగా వస్తువూ మారింది. 1982లో ఆస్ట్రియా సైన్యం ఎంచుకున్న గ్లాక్ పిస్తోలు చట్రాన్ని ప్లాస్టిక్‌తో చేశారు. బరువు తగ్గింది, తుప్పుపట్టే భాగమూ తగ్గింది. 1994లో అమెరికా ప్రభుత్వం కొత్త మ్యాగజైన్లకు పది తూటాల పరిమితి పెట్టింది. పది మించకూడదంటే పిస్తోలు పెద్దదిగా ఎందుకుండాలి? కంపెనీలు చిన్న పిస్తోళ్ల మీద పడ్డాయి. 2004లో ఆ పరిమితి పోయింది, చిన్న పిస్తోళ్లు మిగిలాయి. 2018లో సిగ్ కంపెనీ అరచేతిలో ఇమిడే పిస్తోల్లోనే పది తూటాలు పట్టించింది. నియంత్రించబోయిన చట్టాన్నే మార్కెట్ కొత్త సరుకుకు అచ్చుగా వాడుకుంది.

ఇప్పుడు నా విద్యార్థి ఆదివారం చేసే పనిని చూద్దాం. మొదట మ్యాగజైన్ తియ్యాలి. తరవాత పైభాగం వెనక్కి లాగి గొట్టంలో తూటా లేదని కంటితో చూడాలి, వేలితో తడమాలి. ఈ వరస తప్పితే మ్యాగజైన్ తీసేశాను కదా అన్న నమ్మకంతో, లోపల మిగిలిన ఒక్క తూటాతో మనిషి చస్తాడు. గ్లాక్ వంటి కొన్ని పిస్తోళ్లను విప్పాలంటే ట్రిగ్గరు నొక్కితీరాలి. కనుక శుభ్రం చేసే క్షణమే అన్నిటికంటే ప్రమాదకరమైన క్షణం. ఆ తరవాత పైభాగం, గొట్టం, స్ప్రింగు వేరుచేసి బ్రష్షుతో, గుడ్డతో తుడిచి, రాపిడి ఉన్నచోట చుక్క నూనె వెయ్యాలి. ఎక్కువైతే దుమ్మును పట్టేస్తుంది.

అతను తుడిచేది ఏమిటి? కాల్చిన మసి కాదు. చొక్కా నూలుపోగులు, ఒంటి చెమట, జేబులో దుమ్ము. నడుం దగ్గర చర్మానికి ఆనుకుని ఉండే ఇనుము చెమట ఉప్పుకు తుప్పు పడుతుంది. ఒరలో పెట్టి తీసిపెట్టి అంచుల దగ్గర రంగు పోతుంది. రాత్రి తూటా తీసి పొద్దున మళ్లీ అదే తూటాను ఎక్కిస్తుంటే కొన్నాళ్లకు గుండు గుల్లలోకి కొద్దికొద్దిగా దిగబడుతుంది. అప్పుడు పేలిస్తే లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కనుక ఒక్కసారీ కాల్చని తూటాలను కూడా మార్చి కొత్తవి కొనాలి.

పైన చెప్పిన నాగలికర్రుతో దీన్ని పోల్చి చూడండి. కర్రు భూమికి అరుగుతుంది. పిస్తోలు యజమాని దేహానికే అరుగుతుంది. పని చెయ్యడం వల్ల కాదు, ఎదురుచూడడం వల్ల పాడవుతుంది. దాని మీద పెట్టిన శ్రమ ఏ వస్తువునూ ఉత్పత్తి చెయ్యదు, మరుసటి ఆదివారం మళ్లీ అదే శ్రమను కోరుతుంది. దాని చుట్టూ ఒక బజారు తయారయింది: గట్టి బెల్టులు, ఒరలు, నూనెలు, ఆత్మరక్షణకని వేరే తూటాలు, పిస్తోలు అర కుట్టిన చేతిసంచులు. భయాన్ని ఒకసారి అమ్మితే చాలదు, నెలనెలా అమ్మాలి. మనిషి తన వస్తువుకు సేవకుడవడాన్ని పరాయీకరణ అని మనం పుస్తకాల్లో చదువుకున్నాం. తువ్వాలు పరిచి కూర్చున్న ఆ యువకుడిలో దాన్ని చూడవచ్చు.

అలాగని ఆ భయం అబద్ధం కాదు. 2023లో ప్యూ పరిశోధన సంస్థ అడిగినప్పుడు తుపాకి ఉన్నవారిలో 72 శాతం మంది రక్షణ ఒక ప్రధాన కారణమన్నారు. వాళ్లంతా నటిస్తున్నారనుకోవడం అహంకారం. కాని లెక్కలు వేరే దారి చూపిస్తాయి. 2021లో ఆ దేశంలో అన్ని రకాల తుపాకుల వల్ల చనిపోయినవారు 48,830 మంది. అందులో హత్యలు 20,958, ఆత్మహత్యలు 26,328. దొంగ కోసం దాచిన తుపాకి చేతికందే దూరంలో ఉండేది దొంగకు కాదు, కుంగిపోయిన రాత్రి ఆ ఇంటి మనిషికే.

2014 డిసెంబర్ 30న ఐడహో రాష్ట్రంలో ఒక దుకాణంలో ఒక తల్లి సరుకులు కొంటోంది. లైసెన్సు ఉన్న మనిషి. చేతిసంచిలో పిస్తోలు కోసమే కుట్టిన అరలో చిన్న పిస్తోలు ఉంది. బండిలో కూర్చున్న ఆమె రెండేళ్ల కొడుకు జిప్పు తీశాడు, పిస్తోలు పేలింది, తల్లి అక్కడే చనిపోయింది. నూరేళ్ల కిందటి ప్రకటనలో మంచం మీది పాపకు నాన్న ఇచ్చిన హామీ విలువ ఇంతే. ఆమె చట్టాన్ని ఉల్లంఘించలేదు. ఆ జీవితపద్ధతి చెప్పినట్టే నడుచుకుంది.

6

ఇది మనకు దూరపు కథ అనుకునే వీలు లేదు. 1878 చట్టం పోయి 1959లో మన ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు పోలీసు విచారణ మీద, అధికారి విచక్షణ మీద నడుస్తుంది. 2019 సవరణ ఒక మనిషికి మూడు ఆయుధాల పరిమితిని రెండుకు తగ్గించింది. ఆ విచక్షణ ఎవరి వైపు మొగ్గుతుందో పల్లెల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. 2012 ఢిల్లీ ఘటన తరవాత, 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం మహిళల కోసమని 'నిర్భీక్' అనే తేలిక రివాల్వర్ తెచ్చింది. ధర సుమారు లక్షా ఇరవై రెండు వేలు. పత్తిచేలో కూలికి పోయే ఆడమనిషి, రాత్రి షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడ్డ ఆడమనిషి ఆ డబ్బు ఎక్కడ తెస్తుంది? వీధిదీపం, బస్సు, కేసు తీసుకునే పోలీసుస్టేషను ఇవ్వవలసిన ప్రభుత్వం సంచిలో పెట్టుకునే రివాల్వర్ అమ్మజూపింది.

మా జనగామ ప్రాంతానికి తుపాకి కొత్త కాదు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపారు. గడీలో తుపాకి ఉంది, జనం చేతుల్లో వడిసెలలు, కర్రలు ఉన్నాయి. భయం ఎవరికి ఎక్కువ ఉండిందో తరవాతి నెలలు చెప్పాయి. గడీలు వదిలి పట్నాలకు పారిపోయింది తుపాకులున్నవాళ్లే. జనం వడిసెలను ఎవరికి వారు జేబులో దాచుకోలేదు. వడిసెల ఒక్కరి చేతిలో ఉంటే పిట్టల్ని తోలడానికి, ఊరి చేతిలో ఉంటేనే ఊరికి కాపు.

నా విద్యార్థి పిస్తోలు కొన్నది 2017 తరవాత. ఆ ఏడాది ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేత్‌లో మన హైదరాబాదు ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను ఒక బారులో ఒక తెల్లవాడు మా దేశం విడిచిపొమ్మని అరుస్తూ కాల్చి చంపాడు. పక్కనున్న స్నేహితుడికీ గాయాలయ్యాయి. "ఆ రోజు నుంచి నిద్ర పట్టలేదు సార్" అన్నాడు నా విద్యార్థి. నేనేం చెప్పగలను? బడిలో ధైర్యం గురించి పాఠం చెప్పినవాణ్ణి, పరాయిదేశంలో అతని రాత్రి ఎలా ఉంటుందో తెలియనివాణ్ణి. అతని భయానికి కారణం ఉంది. ఆ కారణం పేరు జాతివిద్వేషం.

కాని ఆ రాత్రి గురించే ఇంకొక సంగతి అతనికి గుర్తుచేశాను. అదే బారులో ఇయాన్ గ్రిల్లో అనే తెల్ల యువకుడున్నాడు. తూటాలు అయిపోయాయనుకుని లేచి, హంతకుడి వెంట పడ్డాడు. ఒక తూటా అతని చేతిలోంచి ఛాతీలోకి దూసుకుపోయింది. బతికాడు. అతని దగ్గర పిస్తోలు లేదు. దీనివల్ల వట్టిచేతులే మేలని రుజువు కాదు. అతని లెక్క తప్పింది, ప్రాణం పోయేది కూడా. కాని పరాయి మనుషుల కోసం లేచిన ఆ కదలిక ఏ ఆదివారపు అభ్యాసంతోనూ రాదు. జేబు పిస్తోలు మనిషికి నేర్పేది ఎదుటివాడిని కొలవడం. ఆ యువకుడు ఎదుటివాళ్లను తనవాళ్లుగా లెక్కపెట్టాడు.

కనుక ఈ చరిత్ర చెప్పేది ఇది. జేబు పిస్తోలు భయానికి మందు కాదు, భయాన్ని ఒంటరిగా మోసే పద్ధతి. బంగారం వేట రోజుల్లో, గల్లాపెట్టెల రోజుల్లో, నేటి నగరశివారు ఇళ్లలో ఆ భయం ఒకటి కాదు. ఒకచోట ఆస్తి భయం, ఒకచోట అణచివేయబడినవాడి భయం, ఒకచోట వలస వచ్చినవాడి భయం. వీటన్నిటినీ ఒకే ఒరలో పెట్టి ఒకే సరుకుగా అమ్మగలగడమే ఆ మార్కెట్ సాధించిన విజయం. వాటిని మళ్లీ విడదీసి, ఏ భయానికి ఏ కారణముందో, ఏ కారణాన్ని ఎవరితో కలిసి ఎదుర్కోవాలో చెప్పడం సామాజికశాస్త్రం పని, సాహిత్యం పని కూడా. ప్రవాస తెలుగు జీవితం మీద వస్తున్న మన కథల్లో ఇంటిబెంగ ఉంది, పచ్చళ్లున్నాయి, వీసా కష్టాలున్నాయి. తువ్వాలు పరిచి కూర్చున్న ఈ మనిషి ఇంకా రావలసిన విధంగా రాలేదు.

వెళ్లేటప్పుడు పిస్తోలు ఇంట్లో ఎక్కడ పెడతావని అడిగాను. "అల్మరా పైన సార్" అన్నాడు. బాబు నడుస్తున్నాడా అన్నాను. "పరిగెత్తుతున్నాడు. కుర్చీలు కూడా ఎక్కుతున్నాడు" అన్నాడు సంతోషంగా. అని కొంచెంసేపు ఊరుకున్నాడు. నేనూ ఏమీ అనలేదు. తరవాత వారం ఫోన్ చేశాడు. ఇనప్పెట్టె కొని తాళం వేశానని చెప్పాడు. పిస్తోలు తీసేశానని చెప్పలేదు. ఆదివారం తుడుస్తున్నావా అని అడగబోయి, బాబు ఏం చేస్తున్నాడని అడిగాను.